వల అల్లే చెయ్యి

నా బల్ల మీద ఒక బొమ్మల చార్టు ఉంటుంది.
చుట్టూ ఒడియా అక్షరాలు, మధ్యలో ముళ్ల బంతిలాంటి పురుగు,
దాని మీదికి ఉరికే నీలిరంగు సిపాయిలు.
పదకొండేళ్లుగా ఈ బరంపురం ఆసుపత్రిలో
ఆ యుద్ధాన్నే వేలు పెట్టి చదివి వినిపిస్తున్నాను,
కన్నీళ్లు వచ్చేదాకా ఒడియాలో,
వచ్చాక తెలుగులో.

గురువారం గోపాల్‌పూర్ నుంచి దానమ్మ వచ్చింది.
కొంగు చివర ఉప్పు, గోళ్ల సందున నైలాను పీచు.
భర్త కూర్మయ్య వేరావల్ బోట్ల మీద ఏడు సీజన్లు చేశాడు.
చివరిసారి దిగినప్పుడు నోట్లో తెల్లటి పూత, ఆగని దగ్గు,
లుంగీ నిలవక నడుముకి వల తాడు కట్టుకున్నాడట.
మాఘంలో పోయాడు.

"ఏ రేవులో అంటుకుందో నానడగనేదు.
అడిగినా సెప్పడానికి ఆడికి ఊపిరి నేదు."

చార్టు తిప్పాను. సిపాయిలు, అని మొదలుపెట్టాను.
"సిపాయిలేటి? మా ఈదిలోకి సిపాయిలొస్తే
మేమే పారిపోతాం. ఇంకోనాగ సెప్పమ్మా."

ఇంకోలా నాకు రాదు.
ఫ్యాను కిందా మీదా పడుతూ తిరిగింది.

"నెత్తుట్లో వలుంటాదా?" తనే అడిగింది.
ఉంటుంది.
క్షయ, జ్వరం, నోటి పూత, అన్నీ రోజూ దాంట్లోనే పడి చస్తాయి,
మనకి తెలీకుండానే.
"ఇది దాన్ని సింపేస్తాదా?"
చింపదు. చింపితే పసిగట్టేవాళ్లం.
వల అల్లే చెయ్యి దగ్గరికే చుట్టంలా వచ్చి కూర్చుంటుంది.
తన అల్లికని ఆ చేతి వాటంలోకి ఎక్కించేస్తుంది.
ఇక ఆ చెయ్యి అల్లేది వల కాదు,
దాన్నే. మళ్లీ దాన్నే. వేలసార్లు దాన్నే,
వేళ్లు రాలిపోయేదాకా.

దానమ్మ తన అరచెయ్యి తిరగేసి చూసుకుంది.

మొదట రెండు వారాల జ్వరం, వానలో తడిసినందుకే అనుకుంటారు.
తర్వాత ఏళ్లకి ఏళ్లు ఏమీ ఉండదు.
రాలిన చేతి చోట కొత్త చెయ్యి కూర్చుని చిల్లు పూడుస్తుంది.
ఒక ఏడు, పూడేవాటి కన్నా పడేవి ఎక్కువవుతాయి.
అప్పుడు సొరచేపే రానక్కర్లేదు, నెత్తళ్లు చాలు.

"మావోడు నెత్తళ్లకే పోయాడన్నమాట," అంది మెల్లిగా.

కాసేపాగి,
"ఐసు బండోడు నా డబ్బులు ఇసకలో పెట్టమంటన్నాడు.
నోట్ల మీద పాకతాదా?"
పాకదు.
కంచంలో, చెమటలో, ఒకే గంప ఇద్దరు మోస్తే, పాకదు.
పక్క మీద, నెత్తుటిలో, ఒకరికి వాడిన సూదిలో,
తల్లి నుంచి బిడ్డకి కడుపులో, కాన్పులో, పాలలో.
అవే దారులు. ఒంటి బయట అది ఒడ్డున పడ్డ చేప.
"ఆడికెవులు సెప్తారు ఇది?"
నా దగ్గర జవాబు లేదు. చార్టులోనూ లేదు.

రిపోర్టు విప్పాను. రెండొందల పన్నెండు.
ఒక చిన్న నెత్తుటి చుక్కలో మిగిలిన చేతులు.
"సాల్తాయా?"
రోజూ ఒకే వేళకి బిళ్ల వేస్తే పెరుగుతాయి.
బిళ్ల ఆ చుట్టాన్ని వెళ్లగొట్టదు, ముడి వెయ్యనివ్వదు, అంతే.
కొన్ని చేతుల్లో అది నిద్రపోతూనే ఉంటుంది.
నువ్వు మానేస్తే లేస్తుంది.

"సీసా గలగలలాడితే తోడికోడలు ఇంటాది," అంటూ
మూత తీసి బిళ్లల మధ్య
ఇంత దూది కుక్కమంది.

నెల తర్వాత సీసా బల్ల మీద బోర్లించి లెక్కపెట్టాను.
ఉండాల్సిన వాటి కన్నా రెండు ఎక్కువున్నాయి.
"సేపలెండబెట్టి ఆ రెండ్రాత్రులు ఇసకలోనే తొంగున్నాను.
రెండు ముళ్లు జారిపోనాయి."
కార్డులో రెండు అని రాశాను.
ఆమె వంగి ఆ అంకెని చూసింది,
చదవడం రాకపోయినా, చాలాసేపు.
"ఈ నెల సూడు," అంది.
తన వెనక లైనులో ఉన్న కుర్రాడు లోపలికొచ్చి కూర్చున్నాడు.
నేను చార్టు మీదికి చెయ్యి చాచి
మధ్యలోనే ఆగి, నువ్వేం పని చేస్తావు బాబూ, అని అడిగాను.