కడబంతి

మూడో నంబరు ట్యాంకు మూత విప్పి
గ్యాస్ మీటరు రెండుసార్లు కూసి ఊరుకున్నాక
భుజాలు ముడుచుకుని లోపలికి దూరాను.
రెన్‌మార్క్‌లో ఆ పూట నలభై మూడు డిగ్రీలు.
ఉక్కు కడుపులో ఎంతో ఎవరూ రాసుకోలేదు.
బయట ట్రెలోర్, నా నడుము తాడు పట్టుకుని
అయిదు నిమిషాలకోసారి స్పానరుతో గోడ మీద కొడతాడు,
ఉన్నావా అని.
ఉన్నానని నేనూ కొడతాను.

ఇసుక నిన్ననే తోడేశారు.
పైన బొగ్గు, కింద ఇసుక, అడుగున ఎర్రటి గార్నెట్,
వరసలుగా ఉండాల్సినవి
పులిహోర కలిపినట్టు కలిసిపోయి వచ్చాయి.
మధ్యమధ్య నిమ్మకాయంతేసి బురద ముద్దలు.
కడగని చోట మురికి ముద్ద కడుతుంది.
అంతే, అందులో మర్మమేమీ లేదు.

మర్మమంతా నేల మీద ఉంది.
నడుమ ఒక లావు గొట్టం,
అటు పదకొండు, ఇటు పదకొండు సన్న గొట్టాలు,
తినేసిన చేప ముల్లులా.
గొట్టానికి పన్నెండు చొప్పున నాజిళ్లు.
ఒక్కోదానికీ ఒక తోక:
తోక పైన సూదిబెజ్జం గాలికి,
తోక చివర నోరు నీటికి.

నీళ్లకు బద్ధకం. దగ్గర దారి ఉంటే దూరం పోవు.
అందుకే దారిని ధారాళంగా,
గుమ్మాన్ని పిసినారిగా కడతారు.
దారిలో ఖర్చు దమ్మిడీ,
గుమ్మం దగ్గర కట్టాల్సింది రూపాయి అయినప్పుడు
ఎవరిల్లు దగ్గర, ఎవరిల్లు దూరం
అన్నది లెక్కలోకే రాదు.
వడ్డించేవాడు మనవాడైతే
కడబంతిని కూర్చున్నా పర్లేదంటారు.
ఇక్కడ వడ్డించేవాడు ఎవడికీ మనవాడు కాడు.

మోకాళ్ల మీద పాకుతూ, టార్చి పళ్ల మధ్య పెట్టుకుని
ఒక్కో నాజిల్‌నీ వేలితో తడిమాను.
చివరి గొట్టం, చివరి నాజిల్.
పగిలి ఉంది, పెదవి చీలినట్టు.
అందరి గాలీ అదే తాగింది,
ఇసుక మింగి ఊళ్లోకి కక్కింది.

కిందటి మంగళవారం కిరియాకూ అనే పెద్దావిడ
నీలం సంచిలో దిండు గలీబులు తెచ్చి
కౌంటరు మీద పరిచింది.
తిట్టలేదు. "ముట్టుకు చూడండి" అంది.
మేము ముట్టుకున్నాం, ఒకరి తర్వాత ఒకరం,
చేసిన తప్పేదో వేళ్లకు తెలుస్తున్నట్టు.

కొత్తది బిగించాను.
జానెడు నీళ్లు పెట్టి బ్లోయరు వేశారు.
మూత దగ్గర తల పెట్టి చూస్తే
నది వైపు బుడగలు, రోడ్డు వైపు నిశ్శబ్దం.
ట్రెలోర్ ఏదో బూతు గొణిగాడు, మర్యాదగానే.

నీళ్లు తోడి మళ్లీ లోపలికి.
పగిలిందొక్కటే కాదు, ఒక గొట్టం ఒరిగింది కూడా,
చిటికెన వేలి మందం.
నీటికి అదొక లెక్క కాదు.
గాలి మాత్రం ఎత్తు ఎటుందో అటే పోతుంది,
ఎంత చిన్న ఎత్తయినా.
బ్రాకెట్ కింద మూడు వాషర్లు తోశాను.
నాలుగోది ఎక్కువైంది, తీసేశాను.

ఈసారి
ముందు ఏమీ లేదు.
తర్వాత ఎసరు మరిగినట్టు
ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక్కసారే,
రెండు వందల అరవై నాలుగు చోట్ల,
తెల్లగా.
ట్రెలోర్ గోడ మీద కొట్టడం మరిచిపోయాడు.
నేను బయటే ఉన్నానని కూడా మరిచిపోయాడేమో.

ఎల్లుండి ఇసుక పోస్తారు.
మళ్లీ మూత విప్పేదాకా, పదేళ్లో పదిహేనో,
ఇదంతా ఎవరికీ కనబడదు.

ఆదివారం బట్టలు వేస్తే
వాషింగ్ మెషీన్లో ఏదో గలగలమంది.
జేబులో మరిచిపోయిన పగిలిన నాజిల్.
తీసి పక్కన పెట్టి, తడి గలీబు వెలుగుకి పట్టుకున్నాను.
తెల్లగానే ఉంది.
అయినా వేలితో రుద్ది చూశాను.