చప్పుడుండేది కావాలె

పరకాల బస్సుల కిటికీ సీటు దొరికింది.
రుషిక అద్దం మీద వేలితోని కొట్టి
చెవి ఆనిచ్చి, మల్ల కొట్టి
నా దిక్కు చూసింది.
ఔ బిడ్డా, అది అద్దం. అద్దం గట్లనే అంటది.

చెవెనక మిషను పెట్టి తొమ్మిది వారాలు.
నాలుగేండ్లు మా ఇంట్ల బొమ్మలన్నీ మూగయే:
మెత్తటి కుందేలు, రంగుల చెక్కలు,
పండవెడితే కండ్లు మూసే పిల్ల.
చుట్టాలు జాతరల కొన్న పీకలన్నీ
నేనే సజ్జ మీదికి ఎక్కించిన,
ఊదితే నాకొక్కదానికే వినబడుతదని.

రాత్రి సాంబరాజు సెంట్రింగు పైసలల్లకెల్లి
ఐదొందలు తీసి బీరువా మీద పెట్టిండు.
"హన్మకొండ తీస్కపో. ఏది నచ్చితే అది.
చప్పుడుండేది కావాలె."
లైటు బంజేసి, గోడ దిక్కు తిరిగి పన్నడు.

చౌరస్తాల దిగంగనే చప్పుడు మీదవడ్డది.
ఆటోల హారన్లు, చెరుకురసం మిషను గజ్జెలు,
ఆషాఢం సేలని మైకుల ఒర్రుతున్న పిలగాడు.
రుషిక రెండు చేతులు పెట్టి
చెవులు గాదు,
కండ్లు మూసుకుంది.
నాకు నవ్వొచ్చి సగంల ఆగింది.
ఇన్నేండ్లు లోకాన్ని బంజేయాల్నంటే
అంతే సరిపోతుండె దానికి.

షాపాయన ఒక్కొక్కటే కిందికి దించిండు.
తాళాలు కొట్టే కోతి, సైరన్ జీపు,
పొట్ట నొక్కితే ఇంగ్లీషుల పాడే పిల్ల,
మూడడుగులకు ఒక్కసారి మొరిగే కుక్క.
అన్నీ ఒక్కపారే బండల మీద మోగినయి.
రుషిక వాటి చుట్టు తిరిగింది,
అంగడిల మేకలను చూసే మా మామ లెక్క,
ఏమనకుంట, తొందర లేకుంట.

కోతిని బోర్లేసి బ్యాటరీ మూత తీసింది.
చూసింది. మూసింది.
తన చెవెనక తడుముకుంది.
నీకు సుత ఉన్నదా అని అడిగినట్టే
దాని వీపు నిమిరి, నిలవెట్టి, వచ్చేసింది.

"గీ పైసలకు ఇంతకన్న మంచియి రావమ్మా" అన్నడాయన.
వెనుక ఇంకెవరో బర్త్‌డే అంటున్నరు, జల్దీ అంటున్నరు.
నేను జీపు ధర అడుగుతున్న
గంతల్నే కౌంటరు కింద గంపల చెయ్యి పెట్టి
పసుపుపచ్చ గిలక్కాయ తీసింది.
ఊపింది. ఆపింది.
ఆపినంక నవ్వింది.
మల్ల ఊపింది. ఆపింది.
చప్పుడు పోయిన జాగ దిక్కు చూసుకుంట
మల్ల నవ్వింది.

"అది పండ్లు రాని పిల్లలదమ్మా,
గింత పెద్ద పిల్లకెందుకు?"
లెక్క చెబుదామనుకున్న:
పిల్లకు నాలుగేండ్లు,
దాని చెవులకు రెండు నెలలని.
చెప్పలే.
"ఎంత?" అన్న. "నలభై" అన్నడు.

ఇసుంటిదే ఎర్రది ఒకటి
మా అమ్మ జమ్మికుంటల కొని ఉయ్యాలకు కట్టింది.
ఊపితే కాళ్ళు తన్నుకుంట నవ్వేది.
చప్పుడుకే నవ్వుతున్నదనుకున్నం.
పదకొండు నెలలు అనుకున్నం.
అది ఎరుపును చూసి నవ్వేదట.

వాపస్ బస్సుల
గూడెప్పాడు దాటెదాక ఊపుతనే ఉన్నది.
ముందటి సీటు పెద్దమనిషి రెండుసార్లు తిరిగి చూసిండు,
మూడోసారి టవల్ చెవులకు చుట్టుకున్నడు.
నేను కిటికీలకెల్లి పత్తిచేన్లు చూసుకుంట కూసున్న.

ఉన్నట్టుండి
తల మీది బిళ్ళ పీకేసింది.
వద్దు బిడ్డా, లచ్చల మిషను, పడితే పాయె, అనేలోపు
నా చెవెనక వెంట్రుకలల్ల పెట్టింది.
నిలువలే. జారింది.
నా చెయ్యి గుంజి అక్కడ ఒత్తి పట్టుమన్నది.
పట్టిన.
నోరు తెరిచి, నా మొకంలకు చూసుకుంట
గిలక్కాయ ఊపింది.

పుట్టి గిప్పుడే విన్నట్టు
ఉలిక్కిపడ్డ.

అది పకపక నవ్వింది,
ఆ నవ్వు తనకు వినబడకుంటనే.