తొలిపాదం

ఓతియాకీ మాకూ మాటల్లేవు,
ఏడాదిలో మూడువందల అరవై నాలుగు రోజులు.
కంచె మీదికి వాలిన బేరిచెట్టు
మాదంటే మాదని.

కానీ అతను మా గడప తొక్కని ఏడు
గురియా కొండల మీద వడగళ్ళు పడి
ద్రాక్షతోట నుజ్జయింది.
అప్పట్నించీ మా అత్త జుజునా
కొత్త సంవత్సరం రాత్రి గడియ తీసే ఉంచుతుంది.

పెరట్లో మెడలోతు పాతిన బాన మూత ఎత్తాం.
అక్టోబరు ఇంకా అందులోనే ఉంది, వగరుగా.
తేనెపాకంలో అక్రోట్లు పీటకి అంటుకుపోతుంటే
తడిచేత్తో చరుస్తున్నాను.

పన్నెండు కొట్టింది.
బూట్ల మంచు దులపకుండానే వచ్చాడు.
గుప్పెడు చాక్లెట్లు గది మూలలకు విసిరి
"అడుగు నాది, జాడ దేవదూతది" అన్నాడు
గోడకేసి చూస్తూ.

రొట్టెముక్క మీద నాలుగు చుక్కలు ఒంపి
మా మామను తలుచుకున్నాడు.
ఆ బేరిమొక్క నాటింది వాళ్ళిద్దరూ కలిసేనట!
మూడో గ్లాసుకి అత్త కళ్ళు తుడుచుకుంది.
ఉల్లిపాయ ఘాటంది.
బల్ల మీద ఉల్లిపాయే లేదు.

తెల్లారి కంచె దగ్గర ఎదురుపడితే
తల తిప్పుకున్నాడు.

మార్చిలో బీరువా కింద ఊడుస్తుంటే
ఒక చాక్లెట్టు దొరికింది, రాయిలా.
బయట ఓతియా చెట్టు గురించే అరుస్తున్నాడు.
బుగ్గన పెట్టుకుని
మొత్తం విన్నాను.