లెటర్‌ప్యాడు

ఐదుసార్లు గెలిచిండు, రెండుసార్లు ఓడిండు.
ఓడినప్పుడు గూడ లెటర్‌ప్యాడు ఆగలే.
ఎమ్మెల్యే అన్న అచ్చు ముందట 'మాజీ' అని
నీలి సిరతోటి నేనే రాసెటోణ్ణి.
మళ్ళ గెలుస్తం, కొత్తది అచ్చేసుడు దండుగ
అనెటోడు మైసయ్య సారు.

మల్లేపల్లి చౌరస్తల టైపు మిషను ముందటేసుకొని
దరఖాస్తుకు మూడు రూపాయలు తీసుకునే నన్ను
ఒకనాడు జీపాపి ఎక్కించుకున్నడు.
'నీ తెలుగుల తప్పుల్లెవ్వు జానీమియా.'
అంతే. ఊరందరికి కాగితాలు రాసినోణ్ణి,
నా కొలువుకు కాగితం లేదు.

దవాఖానకొకటి, తాసిల్దారుకొకటి,
హాస్టల్ల సీటుకు, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరుకు,
బొంబాయికి కూలికి పోయి సచ్చినోని పీనుగను
ఊరికి తోలియ్యమని ఒకటి.
'అర్హుడైనచో పరిశీలించగలరు' అని ఉంటే
ఆఫీసరు పక్కన పెట్టాలె.
ఆ 'అర్హుడైనచో' లేకుంటే పని జెయ్యాలె.
గదీ మా గుర్తు.
మనిషి కాగితాన్ని కండ్లకద్దుకొని పోయెటోడు.
అండ్ల ఏమున్నదో నాకెరుక, సారుకెరుక.

సారు పండ్లు మా దిక్కు నీళ్ళు తాగిన పండ్లు,
ఇటుకపెళ్ళల లెక్క గీతలు గీతలు.
నీళ్ళ మీద అసెంబ్లీల పద్నాలుగుసార్లు అడిగినం,
పద్నాలుగుసార్లు
'ప్రభుత్వ పరిశీలనలో ఉన్నదండీ'.
పదిహేనోసారి సారు ప్రశ్న చదవలే.
మైకు ముందట నోరు తెరిచి నిలబడ్డడు.
నవ్విన్రు. బల్లలు చరిచిన్రు.
తెల్లారి పేపర్ల పండ్లు అచ్చయినయి,
ప్రశ్న అచ్చుగాలే.

నీళ్ళయితే వచ్చినయి, శాన ఏండ్లకు.
ఎవరు తెచ్చిన్రంటే పదిమంది పేర్లు చెప్తరు.
సారు పేరు ఒక్క ట్యాంకు మీద ఉండె,
సున్నమేసిన్నాడు పోయింది.

దేవుడేం గాదు. తన ఊరికి రెండు తారు రోడ్లు,
ఓటెయ్యని తండాకు కంకర కుప్పలు.
మూడేండ్లు ఆ కుప్పల మీద పిల్లలాడుకున్నరు.
జీపు కనవడితే చేతులూపెటోళ్ళు.
సారు ఫైలు చూస్తుండె.
ఆ ఫైలు ఖాళీది,
ముందు సీట్ల కూసున్న నాకు తెల్వదా.

కిడ్నీలు పోయినయి.
నల్లగొండ దవాఖానల మంచం దొరకలే,
అప్పటికి మళ్ళ మాజీ.
తన మంచానికి తనే లెటరు రాయించిండు.
నేను రాస్తుంటే ఆ పండ్లన్ని కనవడేటట్టు నవ్వి
'అర్హుడైనచో పెట్టురా జానీ' అన్నడు.
పెట్టలే.
అయినా మంచం రెండు రోజులకు గాని రాలే.
మూడోనాడు మళ్ళ ఖాళీ అయింది.

బీరువల ఏడు కాగితాలు మిగిలినయి.
ఊర్లు తిరుగుతప్పుడు పనికొస్తయని
ముందుగాల్నే సంతకాలు పెట్టిచ్చినయి.
పైన మూడు సింహాలు, కింద గొలుసు లెక్క సంతకం,
నడుమ తెల్లగ.

మొన్న జీమ్లి వచ్చింది,
ఆ కంకర తండామె.
కొడుకు నడుము వంగి చెప్పులు తప్ప ఏం చూడలేడు,
పింఛను ఆపిన్రంట.
'ఒక కాయితం రాయి.'
'సారు సచ్చిపోయిండు గదమ్మా.'
'నాకెరుకనే. దినాలకొచ్చి బువ్వ గూడ తింటి.
సంతకం సచ్చిందా?'

టైపు మిషను రిబ్బను ఎండింది.
పెన్ను తీసి అలవాటుగ 'మాజీ' రాసిన.
దాని ముందట ఇంకేమన్న రాయాల్నా
అని శానసేపు ఆలోచించిన.
ఆమె కాగితం దిక్కే చూస్తున్నది,
చదువు రాదు.
ఇంతకుముందు గూడ ఒకటి రాసిచ్చిన ఆమెకు,
ఏం పెట్టి రాసిన్నో యాదికున్నది.

ఆ మాట కాడికొచ్చి చెయ్యి ఆగింది.
దాటిపోయింది.

ఇంకా ఆరున్నయి.