ఏ పద్దు కింద

పంపా దెల్ జోర్రోకి నన్ను పంపింది
ఒక్క ప్రశ్నకి జవాబు తెమ్మని:
ఈ రేడియో స్టేషన్ తన కాళ్ల మీద తాను నిలబడుతుందా, లేదా.

బస్సు దిగీ దిగగానే గాలి నా టోపీ లాక్కుపోయింది.
పటగోనియా గాలికి మొహమాటం లేదు.
టవరుని పట్టుకున్న మూడు ఇనుప తీగల్లో ఒకటి తెగి,
దాని చోట గొర్రెల కంచె తీగ మెలిపెట్టి ఉంది.
నోటుబుక్కులో మొదటి వాక్యం రాసుకున్నాను:
'నిర్వహణ లోపభూయిష్టం.'

నెలిదా కురపిల్ చిట్టా తెచ్చి ముందు పెట్టింది.
ఆమే మేనేజరు, ఆమే అనౌన్సరు,
పొయ్యిలోకి కట్టెలు ఎగదోసేదీ ఆమే.
ప్రకటనలు: పశువుల దాణా కొట్టు.
టైర్లకి పంక్చర్లు వేసే బస్తియాన్.
శవపేటికలు చేసే అన్నదమ్ములిద్దరు;
వాళ్లు మాత్రం ఏనాడూ బాకీ పడలేదట.
ఖర్చు వైపు కరెంటు బిల్లే సగం పేజీ తినేసింది.
జమ వైపు తెల్లగా ఉంది,
మంచు పడ్డ మైదానంలా, ఒకటీ అరా అడుగుజాడలతో.

"వినేవాళ్లు ఎంతమంది?" అన్నాను.
"గాలి ఉన్న రోజా, లేని రోజా?" అంది.

పన్నెండున్నరకి మైకు ముందు కూర్చుంది.
ఎర్ర దీపం ఎప్పుడో మాడిపోయింది,
తలుపు గడియకి ఎర్ర గుడ్డ కట్టింది.
సిగరెట్ పెట్టె అట్టలు, ఆసుపత్రి చీటీల వెనక రాతలు
ఒక్కొక్కటే చదివింది, ప్రతిదీ రెండుసార్లు,
బ్యాటరీ అయిపోవచ్చినవాడికి రెండోసారైనా అందుతుందని.

"పై మకాంలో ఉన్న ఓవిదియో పైనెఫిల్‌కి:
లారీ గురువారం రాదు. గుర్రాన్ని ఏటి రేవు దాకా తోలుకురా.
మీ అమ్మకి ఆపరేషన్ అయింది. జావ తాగింది."

"లగూనా వైపు ఎవరు వింటున్నా సరే:
ఎల్సీరాకి ఆడపిల్ల. మూడు కిలోలు. గొంతు బాగానే ఉంది."

"దోన్ ఎలెయుతేరియోకి: పళ్ల సెట్టు వచ్చింది.
డబ్బు తర్వాత. ముందు నోరు పంపు."

"కబురుకి ఎంత తీసుకుంటారు?"
"చావుకీ, పుట్టుకకీ, ఆసుపత్రికీ ఏమీ లేదు. మిగతావాటికి తీసుకుంటాం."
"మిగతావంటే?"
కాసేపు ఆలోచించింది.
"ఈమధ్య రాలేదు."

సెల్‌ఫోన్ మాట ఎత్తాను. కిటికీ వైపు చూపించింది.
సిగ్నల్ ఆ కొండ దాకానే.
మనుషులు కొండకి అవతల.

మాతే గిన్నెలో వేడినీళ్లు పోస్తూ చెప్పింది,
గొప్పకి కాదు, ఊరికే:
పోయిన చలికాలం ట్రాన్స్‌మిటర్ కాలి తొమ్మిది రోజులు మూగబోయాం.
పదో రోజు ఒకడొచ్చాడు, గుర్రం మీద, రెండు పగళ్ల దారి.
మీసాల మీద మంచు.
గుమ్మంలోనే నిలబడి అడిగాడు:
"మా ఇంట్లో ఎవరు పోయారు?
చెప్పలేకే గదా ఆపేశారు?"
ఎవరూ పోలేదంటే నమ్మలేదు.
మైకు ముందు కూర్చుని చెప్పమన్నాడు.
చెప్పాను, పని చెయ్యని మైకులో.
అప్పుడు నమ్మాడు.
పోతూ పోతూ ఉన్ని మూట ఒకటి దించిపోయాడు.

ఆ మూట ఇంకా మూలనే ఉంది. దాని మీద పిల్లి పడుకుంది.
పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను,
ఏ పద్దు కింద రాయాలో తెలీక.
చివరికి రాయలేదు.

మిగతా లెక్క మాత్రం తప్పలేదు.
జమ ఇంత, ఖర్చు ఇంత, తేడా ఇంత.
'నిలదొక్కుకోలేదు' అని రాసి, కింద గీత గీసి, సంతకం పెట్టాను.
అందులో ఒక్క అబద్ధం లేదు.

రాత్రి బస్సు. డ్రైవరు పక్కన రేడియో గరగరలాడుతోంది.
కొండ మలుపులో నా ఫోన్లో గీతలు
ఒక్కొక్కటే ఆరిపోతున్న చోట
నెలిదా గొంతు:

"రాజధాని నుంచి లెక్కలకి వచ్చిన పెద్దమనిషికి:
మీ టోపీ దొరికింది. బస్తియాన్ కంచెకి చిక్కుకుని ఉంది.
శనివారం బస్సులో పంపుతాం.
అందాకా చెవులు కప్పుకోండి."

ఆగింది. కాగితం చప్పుడు.
మళ్లీ మొదటినుంచి చదివింది,
మొదటిసారి నాకు అందలేదేమోనని.