రెండొందల నలభై

లాప్‌టాప్ నా వేలిముద్ర ఒప్పుకోలేదు.
ముప్పై ఏళ్ళు జీడి నూనె తాగిన వేలు,
రేషన్ మిషనుకే చుట్టం కాలేదు,
దీనికేమవుతుంది!
భూలక్ష్మి నవ్వి నాలుగంకెలు కొట్టింది.
"కోడ్ రాయక్కర్లేదప్పా. లాగి, వదిలీడమే."

లాగడం నాకు కొత్తా?
కాలితో తొక్కి చేత్తో పిడి లాగితే
గింజ రెండు చిప్పలై నోరు తెరిచేది.
వదలడమే రాదు.

కాశీబుగ్గ గేటు అవతల, షెడ్డు మూసేశాక,
కాల్పు వాసన ఇంకా గోడల్ని వదలని వేళ
బస్తాల మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాం.
ఎడమ పక్క పెట్టెలు, తట్టల్లాగా వరసన:
హెడ్డింగు, బొమ్మ, బటను, మ్యాపు.
ఒకదాన్ని పట్టుకుని కుడివైపుకి తెస్తే
నీలం గీత వెలుగుతుంది, ఇక్కడ దించు అని,
హమాలీకి చోటు చూపించే గుమస్తాలా.
నేను దించింది మాత్రం
కాలమ్ లోపలి కాలమ్ లోపల పడింది.
మా సంఘం పేరు
ఎక్కడో అడుగున, అగ్గిపెట్టంత.

రెడీమేడ్ పేజీలో ముందే ఒకావిడ ఉంది,
ఆకుకూర గిన్నె చూసి పగలబడి నవ్వుతూ.
"ఎవుర్తే ఈవిడ?"
"ఎవరూ కాదప్పా, నమూనా."
ఆవిడ కింద ఏ ఊరి భాషో నాలుగు వరసలు.
అర్థం ఉండదట. చోటు కోసం పెడతారట.
పాత ఫ్యాక్టరీ రిజిస్టరు గుర్తొచ్చింది:
ఆడకూలీ ఒకటి, ఆడకూలీ రెండు...
రెండింటినీ కలిపి చెరిపేశాను.

ప్యాడింగ్ అంటే పప్పుకీ పొట్టుకీ మధ్య గాలి.
మార్జిన్ అంటే మనింటికీ పక్కింటికీ మధ్య సందు.
ఇలా నేనే చెప్పుకుంటే గాని బుర్రకెక్కలేదు.

తర్వాత కంట్రోల్ జెడ్.
వలుపులో గోరు జారితే
గుడ్డు బద్దవుతుంది, బద్ద ముక్కవుతుంది,
ముక్కకి కూలి కోత.
వెనక్కి అనే మీట ఏ కత్తికీ లేదు.
ఇక్కడుంది!
పనుండీ లేకా పదిసార్లు నొక్కాను,
చెదిరినవన్నీ లేచొచ్చి
వాటి వాటి పీటల మీద కూర్చున్నాయి.
తిత్లీ రాత్రి మా ఉద్దానం తోటలకి
ఇలాంటి మీటొకటి
సరే, ధరల పట్టీ పెట్టాలి.

పదకొండుకి అంతా కుదిరిందనుకున్నాం.
"ఫోన్లో ఎలా కనబడతాదో చూద్దాం" అంది భూలక్ష్మి.
ధర వెళ్ళి పప్పు మీదెక్కింది,
ఫోన్ నంబరు ఫోటో కింద నలిగి
ఆఖరి మూడంకెలూ కనిపించలేదు.
ఓలమ్మో! మళ్ళీ మొదలు.

మిగిలింది "మా గురించి".
గుండ్రటి ఫోటోలు: తులసమ్మ, నీలవేణి,
కళ్ళు మూసుకుపోయిన కామాక్షి, నేను.
దాలమ్మది దొరకలేదు.
అంటే ఉంది, డయాలసిస్ కార్డు మీద.
అది పెట్టబుద్ధి కాలేదు.

గుప్పెడు పప్పు అరచేతిలో ఆడించి
చూడకుండానే చెప్పేది దాలమ్మ:
"రెండొందల నలభై రకం."
మేనేజరు నమ్మక తూకం వేయించి లెక్కపెట్టించి
నోరు మూసుకునేవాడు.
మంగళవారం, శుక్రవారం పనికి రాకపోయినా
మిగతా రోజులు కుర్చీ కావాలని అడగలేదు.

పెట్టెల వరసలో చివర ఒకటుంది, స్పేసర్.
"దాన్లో ఏటీ ఉండదప్పా, ఖాళీ చోటంతే."
లాగాను. నా ఫోటో పక్కన కాదు,
నలుగురికీ పైన వదిలాను.
ఎత్తు ఎంత? అని అడిగింది.
రెండు, నాలుగు, సున్నా.
"మరీ ఎక్కువైపోయింది. ఏదో ఊడిపోయిందనుకుంటారు చూసినోళ్ళు."
"అనుకోనీ."

పబ్లిష్ మీద బాణం పెట్టి నొక్కితే
చూపుడువేలికి పలకలేదు.
తుడుచుకుని మళ్ళీ నొక్కినా పలకలేదు.
చివరికి చిటికెన వేలితో నొక్కాను,
గింజల పనిలో ఎప్పుడూ
పక్కకి ఎత్తిపెట్టుకున్న వేలు.