పదకొండు మెట్లు

లాలెప్పా అని నేను పిలవకూడదు.
కాగితాల్లో అతడు పదిహేడో నంబరు.
ఐనా ఫోను కలిసిన ప్రతిసారీ
"నేనేమ్మా, లాలెప్పని" అంటాడు
తాడిపత్రి నుంచి, బండల మిషన్ల హోరులోంచి.

అనంతపురంలో, కిటికీ లేని గదిలో
రెండు పూటలా అతని నోరు చూస్తాను.
తెర నిండా నోరే.
గారపళ్లు, మీసంలో తెలుపు.
ముప్పై ఏళ్లు బండలకు పాలిష్ పట్టినవాడికి
అది వయసో దుమ్మో ఎవరు చెప్పాలి?

"ముందు ఊపిరంతా వదిలేయండి.
గొట్టం చుట్టూ పెదాలు బిగించండి.
గట్టిగా లాగండి. ఆపి, పది లెక్కపెట్టండి."
ఆరు దగ్గర దగ్గు.
ఏడు అనడం నేనెప్పుడూ వినలేదు.

మొదటి రోజు డబ్బా విప్పి
లోపలి తెల్లపొడి చూపించాను.
చాలాసేపు చూసి నవ్వాడు.
"పొడి పోయి పొడిని పిల్చకొస్తాదామ్మా?
దావలో యాడన్నా ఎదురుపడితే
రెండూ ఏం మాట్లాడుకుంటాయో."
ఆ మాట రాయడానికి నా ఫారంలో గడి లేదు.

అది మందో, ఉత్త పాలచక్కెరో
అతనికి తెలియదు. నాకూ తెలియదు.
తెలిసిన కవరు ఎక్కడో బీరువాలో అంటించి ఉంది.
సంతకాల రోజు ఈ ముక్కే మూడుసార్లు చెప్పాను.
ఉత్తదాని పక్కన పెడితేగాని
అసలుది తేలదని.
కుళ్ళాయమ్మ కొంగు బిగించి అంది:
"అంటే తూకానికి రాయి పెట్టినట్ల."
మా పెద్ద డాక్టరు కూడా ఇంత బాగా చెప్పలేదు.
"సరే. మా ఆయన సరుకో, రాయో
ఆర్నెల్లకన్నా చెప్తారా?"
చెప్తామన్నాను. అనే అధికారం ఉందో లేదో
ఆ తర్వాత వెతుక్కున్నాను.

ఆరో వారం నుంచి గీత జారింది.
పొద్దుటి ఊపిరి పరవాలేదు.
సాయంత్రానిది బావిలోకి బొక్కెన.
బెంగళూరు నుంచి మెయిలు:
పదిహేడో నంబరుకు ఏమైంది?
గొట్టం మూసుకుపోలేదు. చార్జింగు ఉంది.
గుర్తుచేసే గంట మోగుతూనే ఉంది.
"బీడీ ఇడ్సి మూడేండ్లాయె మ్మా,
కుళ్ళాయిసామి మీద ఆన."

ఎనిమిదో వారం చివర, ఒకరోజు
కాల్ ముందే కలిసిపోయింది.
తెర మీద నోరు లేదు.
ఊగే గోడ. చెప్పులు. బండమెట్టు.
ఇంకో మెట్టు.
గోడకు ఆనిన చేయి. చాలాసేపు గోడే.
ఇంకో మెట్టు.
అతన్ని లెక్కపెట్టమనే నేను
ఆ రోజు లెక్కపెట్టాను.
పదకొండు.
పైన కేబుల్ వైర్లు, ఆరబోసిన మిరపకాయలు,
తలకిందులుగా ఆకాశం.

"పొద్దున పక్కింటి పిల్లోడు నెట్టు ఇస్తాడమ్మా.
సాయంత్రం వాడు ట్యూషన్లో చేరినాడు.
కింద సిగ్నలు అందదు.
నువ్వు అగపడల్లంటే మిద్దె ఎక్కల్ల."
ముందే ఎందుకు చెప్పలేదంటే
"నువ్వు మెట్ల సంగతి అడగలేదు గదా" అన్నాడు.

అడగలేదు. నూట నలభై ప్రశ్నల్లో అది లేదు.

మూడు వారాల సాయంత్రాలు లెక్కలోంచి తీసేయమన్నారు.
తీసేశాను.
రెండు వందల ముప్పై ఒక్క మెట్లు
ఒక్క మీటతో.

ఇప్పుడు పావుగంట ముందే ఎక్కి కూర్చుంటాడు.
దమ్ము కుదురుకునేదాకా
ఫోను పిట్టగోడ మీద, నేను ఫోనులో.
నిన్న అడిగాడు:
"మీ ఆఫీసు కింద పరిచింది ఏం బండమ్మా?"
తెలియదన్నాను. మూడేళ్లుగా దాని మీదే నడుస్తున్నాను.
ఫోను వంచి నేలను చూపించాను.
కళ్లు చిట్లించాడు, దగ్గరికొచ్చాడు,
నోరు కాక మొదటిసారి కళ్లు.
"మా ఊరి నల్లబండే.
మూడుసార్లు రుద్దినారు. నునుపు బాగుండాది."

గంట మోగింది.
ఊపిరంతా వదిలేయండి, అన్నాను.